సూపర్‌హీరో కామిక్స్ సంకలనాలు: అప్పుడప్పుడూ చదివేవాళ్లు ఏది కొనాలి, ఏది వదిలేయాలి

పుస్తకం వెన్ను మీద "బ్యాట్‌మన్, వాల్యూమ్ 1" అని రాసి ఉంటే కథ మొదటి నుంచీ చేతికొచ్చిందనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ పేరుతో ఒకటి కంటే ఎక్కువ పుస్తకాలున్నాయి. 2011లో బ్యాట్‌మన్ ప్రచురణ సంస్థ డీసీ తన పత్రికలన్నిటినీ ఒకటో నెంబరు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. అప్పటి వాల్యూమ్ 1లో స్కాట్ స్నైడర్ రాసి, గ్రెగ్ కపులో గీసిన 1 నుంచి 7 దాకా సంచికలుంటాయి. 2016లో మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలైంది. ఆ వాల్యూమ్ 1 టామ్ కింగ్ రాసింది, కథ పూర్తిగా వేరు. 1939లో పుట్టిన బ్యాట్‌మన్‌కి ఈ రెండింటిలో ఏదీ మొదలు కాదు. దానికి మించిన చిక్కు ఇంకోటుంది. 2011 నాటి వాల్యూమ్ 1లో 'కోర్ట్ ఆఫ్ ఔల్స్' కథ సగంలో ఆగిపోతుంది. అది ముగిసేది 11వ సంచికలో, ఆ సంచిక ఉన్నది వాల్యూమ్ 2లో.

అందుకే సంకలనం చేతికి తీసుకోగానే అట్ట చూసి మురిసిపోకుండా, లోపల కాపీరైట్ పేజీ తీయండి. ఏ పత్రికలో ఏ నెంబర్ల సంచికలు ఈ పుస్తకంలో చేర్చారో అక్కడ చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొంటుంటే ఆ వివరం సాధారణంగా పుస్తకం వర్ణనలోనే, చివరి వాక్యంలో దొరుకుతుంది. కథ ఏ సంచికలో మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందే తెలుసుకుని, ఈ నెంబర్లతో సరిచూసుకోవాలి. పై కథకే 1 నుంచి 11 దాకా ఒకే అట్టలో పెట్టిన 'కోర్ట్ ఆఫ్ ఔల్స్ సాగా' ఉంది. ఒక్క కథ చదవాలనుకునేవాళ్లకి కావలసింది అదే, వాల్యూమ్ 1 కాదు.

ఇక ఒక్కో రకం సంగతి.

ఎక్కువగా దొరికేది మెత్తటి అట్టతో వచ్చే ట్రేడ్ పేపర్‌బ్యాక్, పొట్టిగా ట్రేడ్. 20, 22 పేజీల సంచికలు ఐదారు కలిపి కుడితే 120 నుంచి 150 పేజీల పుస్తకం అవుతుంది. గంట, గంటన్నరలో పూర్తవుతుంది. ఈ కొలతే ఇప్పటి కథల నడకని కూడా మార్చేసింది. 1962 నాటి అమేజింగ్ ఫాంటసీ 15లో స్పైడర్‌మన్ పుట్టుక మొత్తం 11 పేజీల్లో అయిపోయింది. సాలీడు కాటు, కుస్తీ పోటీ, బెన్ బాబాయి చావు, అన్నీ అందులోనే. 2000లో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మన్ అదే పుట్టుకకి మొదటి ట్రేడ్ అంతా, అంటే 7 సంచికలు తీసుకుంది. సాగదీశారని కొందరికి కోపం. కానీ పీటర్ ఇల్లు, బడి, బాబాయితో మాటలు అన్నిటికీ చోటు దొరికింది కాబట్టి ఆ చావు గుండెకి తగులుతుంది. కొత్తగా చదివేవాళ్లకి ఈ 7 సంచికలే ఇవ్వాలి. 11 పేజీల మూలం తరవాత చదివితే, అంత తక్కువ చోటులో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో ఎంత ఇమిడ్చారో అర్థమవుతుంది.

ట్రేడ్లతో వచ్చే ఇబ్బంది, మధ్యలో ఒక భాగం ముద్రణలో లేకుండా పోవడం. 1, 2, 4 దొరుకుతాయి, 3 మాత్రం పాత పుస్తకాల అమ్మకాల్లో మూడింతల ధరకి కనిపిస్తుంది. అలాంటప్పుడు కంగారుపడి కొనకండి. పేరున్న కథ అయితే ప్రచురణకర్తలు దాన్ని వేరే అట్టతో, వేరే పేరుతో మళ్లీ వేస్తారు. నాలుగైదు ట్రేడ్లున్న కథ మొదలుపెట్టేముందే అన్ని భాగాలూ మామూలు ధరకి దొరుకుతున్నాయో లేదో చూసుకోవడం మేలు.

ఇంకో సంగతి. ట్రేడ్లలో సంచికల వరస ఎప్పుడూ పత్రిక వరసే కానక్కర్లేదు. మాట్ ఫ్రాక్షన్, డేవిడ్ ఆయాల హాకై (2012 నుంచి 2015 దాకా, 22 సంచికలు) ఇందుకు మంచి ఉదాహరణ. మూడో ట్రేడ్‌లో 14, 16, 18, 20, ఒక వార్షిక సంచిక ఉంటాయి. 12, 13, 15, 17, 19, 21, 22 నాలుగో ట్రేడ్‌లోకి వెళ్లాయి. అచ్చుతప్పేమోనని కంగారు పడనక్కర్లేదు. ఇందులో హాకై పేరుతో తిరిగేది ఇద్దరు, కేట్, క్లింట్. కేట్ లాస్ ఏంజెలస్ వెళ్లాక ఆమె కథ ఒక పుస్తకంలోకి, క్లింట్ కథ ఇంకో పుస్తకంలోకి విడగొట్టారు. ఇలా చదవడమే సుఖం, పత్రిక వరసలో కథ అటూ ఇటూ గెంతుతుంది. రెండో ట్రేడ్‌లో ఉన్న 11వ సంచిక మొత్తం కుక్క కళ్లతో నడుస్తుంది. మాటలు తక్కువ, వాసనలని గుర్తులుగా గీశారు. 19వ సంచికలో సైగల భాషకి అనువాదం ఇవ్వకుండా వదిలేశారు. సూపర్‌హీరో కథంటే కొట్లాటలేగా అనేవాళ్లకి చూపించడానికి ఈ రెండు సంచికలు చాలు.

ఈ రకాలన్నిటిలో అప్పుడప్పుడూ చదివేవాళ్లకి బాగా ఒదిగేది పన్నెండు సంచికల దాకా ఉన్న పూర్తి కథ, ఒకే పుస్తకంగా. టామ్ కింగ్ రాసిన విజన్ 12 సంచికలు. రెండు ట్రేడ్లుగానూ ఉంది, ఒకే పుస్తకంగానూ ఉంది, రెండోదే తీసుకోండి. ఆరో సంచిక దగ్గర ఆగితే ఆ కుటుంబం మీద కమ్ముకొస్తున్న కీడు పట్టు సడలుతుంది. గ్రాంట్ మారిసన్, ఫ్రాంక్ క్వయిట్లీల ఆల్‌స్టార్ సూపర్‌మన్ కూడా 12 సంచికలే. సూపర్‌మన్ పుట్టుకని మొదటి పేజీలో 4 బొమ్మల్లో, 8 మాటల్లో చెప్పేసి కథలోకి దిగుతుంది. ముందు ఏమీ చదివి ఉండనక్కర్లేదు. ఒక్క పుస్తకమే కొంటానంటే నేను చూపించేది ఇదే. 2014 నాటి మిజ్ మార్వెల్ మొదటి ట్రేడ్ కూడా దానంతట అదిగా నిలబడుతుంది. కమలా ఖాన్ ఇంట్లో వాళ్లతో పడే గొడవలే అందులో అసలు బలం.

పాత కథల మీద మనసుంటే మార్వెల్ వాళ్ల ఎపిక్ కలెక్షన్ వైపు చూడాలి. 2013లో మొదలైన వరస ఇది. పేపర్‌బ్యాకే, కానీ సుమారు 400 నుంచి 500 పేజీలు, పూర్తి రంగుల్లో. అమేజింగ్ స్పైడర్‌మన్ మొదటి ఎపిక్‌లో అమేజింగ్ ఫాంటసీ 15తో పాటు 1 నుంచి 17 దాకా సంచికలు, మొదటి వార్షిక సంచిక ఉన్నాయి. పెట్టిన డబ్బుకి పేజీల లెక్క చూస్తే దీన్ని మించింది దొరకడం కష్టం. వీటిని వరసగా విడుదల చేయరన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. నెంబరు కథాకాలాన్ని బట్టి ముందే ఖాయమై ఉంటుంది, పుస్తకాలు ఎటునుంచి ఎటైనా వస్తాయి. 17 వచ్చాక 5 రావచ్చు. సెట్టు పూర్తి చేయాలన్న పట్టుదల లేనివాళ్లకి దీంతో నష్టమేమీ లేదు. నచ్చిన కాలం ఏదో ఆ ఒక్కటే కొనుక్కోవచ్చు. ఎక్స్‌మెన్‌లో డార్క్ ఫీనిక్స్ కథ కావాలంటే అన్‌కానీ ఎక్స్‌మెన్ 129 నుంచి మొదలయ్యే ఎపిక్ ఒక్కటి చాలు, ముగింపు 137లో అందులోనే ఉంది. 137 ముగింపుని అప్పటి ప్రధాన సంపాదకుడు జిమ్ షూటర్ మార్పించాడు. మొదట గీసిన ముగింపు 1984లో విడిగా అచ్చయింది. కొనబోయే సంకలనంలో అదనపు పేజీల కింద అది కూడా ఉంటే తప్పక చదవండి. ఒక పాత్ర బతకాలా చావాలా అన్న నిర్ణయం కథ మొత్తం బరువునీ ఎలా మారుస్తుందో పక్కపక్కనే కనబడుతుంది.

1960ల కథల్ని ఒక్క ఊపులో చదవాలని చూస్తే తల బరువెక్కుతుంది. బొమ్మలో కనబడుతున్నదాన్నే పైన వ్యాఖ్యానం చెబుతుంది, అదే మళ్లీ పాత్ర నోటితో పలికిస్తారు. నెలకొక సంచిక చదివే పిల్లల కోసం రాసినవి కాబట్టి, జరిగిన కథని ప్రతిసారీ గుర్తుచేస్తారు. ఇప్పటి సంచిక పది నిమిషాల్లో అయిపోతే, అప్పటిది అరగంట తినేస్తుంది. రోజుకొకటి చొప్పున చదివితే ఆ రుచి తెలుస్తుంది. మార్వెల్ ఎపిక్ పద్ధతిలోనే డీసీ 2024లో డీసీ ఫైనెస్ట్ వరస మొదలుపెట్టింది. పాత డీసీ కథలు రంగుల్లో, లావుపాటి పేపర్‌బ్యాక్‌లో ఇన్నాళ్లూ దొరకనివాళ్లకి ఇది పెద్ద ఊరట.

పాత కథలు కొత్త కాగితం మీద అచ్చేసినప్పుడు రంగుల దగ్గర తేడా కొడుతుంది. ఆ రోజుల్లో న్యూస్‌ప్రింట్ మీద చిన్నచిన్న చుక్కలతో అచ్చేసేవారు. ముతక కాగితం సిరాని పీల్చుకుని రంగుని మెత్తబరిచేది. రంగులు వేసినవాళ్లు ఆ సంగతి లెక్కలోకి తీసుకునే ముదురు రంగులు ఎంచుకున్నారు. అవే రంగుల్ని కంప్యూటర్‌లో నిండుగా నింపి, తెల్లని నిగనిగలాడే కాగితం మీద వేస్తే పసుపు కళ్లలో పొడుస్తుంది, ఎరుపు అరుస్తుంది. కొనేముందు లోపలి పేజీల ఫోటోలు నాలుగు చూడండి. మెరుపులేని కాగితమైతే పాత కథలకి అదే మంచిది.

కొన్నిటికి రంగులే మార్చేశారు. 1988 నాటి కిల్లింగ్ జోక్‌కి మొదట జాన్ హిగ్గిన్స్ ఊదా, నారింజ, పసుపు దట్టించి రంగులు వేశాడు. బొమ్మలు గీసిన బ్రయన్ బోలండే 2008 డీలక్స్ ఎడిషన్‌కి మొత్తం మళ్లీ రంగులు వేశాడు. జోకర్ గతం దాదాపు నలుపు తెలుపుల్లోకి మారింది, అక్కడక్కడా ఎరుపు మాత్రం మిగిలింది. రెండూ పక్కన పెట్టి చూస్తే వేర్వేరు పుస్తకాల్లా ఉంటాయి. ఆ కథలోని వాన రాత్రికి, దిగులుకి బోలండ్ రంగులే సరిపోయాయి. హిగ్గిన్స్ రంగుల్లో ఉన్న పిచ్చి ఊపు మాత్రం ఇందులో లేదు, అది కావాలనేవాళ్లు పాత ముద్రణ వెతుక్కోవాల్సిందే. 1987లో బ్యాట్‌మన్ 404 నుంచి 407 దాకా నడిచిన ఇయర్ వన్‌ది ఇలాంటి సంగతే. సంకలనం కోసం రిచ్‌మండ్ లూయిస్ తన రంగుల్ని తానే తిరగరాసింది. అక్కడ ఏ సందేహమూ లేకుండా సంకలనమే మెరుగు.

నలుపు తెలుపుల్లో 1996 నుంచి వచ్చిన మార్వెల్ ఎసెన్షియల్స్ ఇప్పుడు వేయడం లేదు. పాతవి చవగ్గా దొరికితే, గీతల పనితనం చూడాలనుకునేవాళ్లు తీసుకోవచ్చు. న్యూస్‌ప్రింట్ కాబట్టి అంచులు పసుపెక్కి ఉంటాయి, పెళుసుగా ఉన్నాయేమో ఒక మూల వంచి చూడండి. 1987 నుంచి వస్తున్న మార్వెల్ మాస్టర్‌వర్క్స్ హార్డ్‌కవర్లు పదేసి సంచికలవి, సేకరించేవాళ్ల సొత్తు. చదవడానికైతే ఎపిక్ ఉండగా అవి అక్కర్లేదు.

ఇప్పుడు ఆమ్నిబస్, అంటే పదుల కొద్దీ సంచికలు ఒకే గట్టి అట్టలో పెట్టిన లావుపాటి పుస్తకం. అందరి కళ్లూ దీనిమీదే ఉంటాయి, తొందరపడి కొనేది కూడా దీన్నే. మార్వెల్ మొదటి ఆమ్నిబస్ 2005లో వచ్చింది. ఫెంటాస్టిక్ ఫోర్ 1 నుంచి 30 దాకా సంచికలు, 800 పైచిలుకు పేజీలు. మామూలు సంచిక వెడల్పు 6.6 అంగుళాలు, ఎత్తు 10.2 అంగుళాలుంటే, ఆమ్నిబస్ దానికంటే పెద్దది. బొమ్మ పెద్దగా కనబడుతుంది, నిజమే. కానీ వెయ్యి పేజీల పుస్తకం సుమారు మూడు కిలోలు తూగుతుంది. పడుకుని చదవలేం, ప్రయాణంలో పట్టుకెళ్లలేం, ఒళ్లో పెట్టుకున్నా అరగంటకి కాళ్లు పట్టేస్తాయి. బల్ల ముందు కూర్చుని చదివే అలవాటు లేకపోతే అది అలమరలో అలంకారంగా మిగిలిపోతుంది. ఒక రచయిత రాసిన కథని ముందే చదివి, బాగా నచ్చి, మళ్లీ మళ్లీ చదువుతానని తెలిశాకే ఆమ్నిబస్ కొనాలి. తెలియని కథని అరవై సంచికలు ఒకేసారి కొనడం మంచి పద్ధతి కాదు.

కొన్నారనుకోండి, ముందు బైండింగ్ చూడండి. పుస్తకం మూసి, వెన్ను పైఅంచుని పైనుంచి చూడాలి. కాగితాలు మడిచిన చిన్నచిన్న కట్టలు పక్కపక్కనే గుత్తుల్లా కనిపిస్తే అది కుట్టు బైండింగ్. కట్ట మధ్య పేజీ తెరిస్తే దారం కూడా కనబడుతుంది. గుత్తులేమీ లేకుండా కోసినట్టు చదునుగా ఉంటే అది గమ్ బైండింగ్. కుట్టినది బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. గమ్‌తో అతికించింది పరుచుకోదు. రెండు పేజీలకీ విస్తరించిన బొమ్మలో నడుమ భాగం మడతలోకి వెళ్లిపోతుంది, అక్కడే ముఖమో మాటో ఉంటే పోయినట్టే. బలవంతంగా నొక్కి తెరిస్తే గమ్ పగిలి పేజీలు ఊడతాయి. చలికి, పొడి గాలికి గమ్ గట్టిపడుతుంది కాబట్టి అప్పుడు ఇంకా తొందరగా పగులుతుంది.

కొత్త ఆమ్నిబస్‌ని నేరుగా మధ్యకి తెరవకండి. బల్ల మీద వెన్ను ఆనించి నిలబెట్టి, ముందు రెండు అట్టల్నీ మెల్లగా కిందికి దించాలి. తరవాత ముందునుంచి ఇరవై పేజీలు, వెనకనుంచి ఇరవై పేజీలు దించి, మడత దగ్గర వేలితో తేలిగ్గా నిమరాలి. ఇలా అటోసారి ఇటోసారి చేస్తూ మధ్యకి రావాలి. పది నిమిషాల పని. ఇది చేయకపోతే వెన్ను ఒక్కచోటే విరిగి, పుస్తకం ఎప్పుడు తెరిచినా ఆ పేజీ దగ్గరే తెరుచుకుంటుంది.

ఆ పది నిమిషాల్లోనే ఇంకో పరీక్ష కూడా పూర్తి చేయండి. పేజీల కట్టల్ని యంత్రం వరసగా పేరుస్తుంది. అక్కడ పొరపాటు జరిగితే ఒక కట్ట మొత్తం రెండుసార్లు పడుతుంది, లేదా ఎగిరిపోతుంది. ప్రతి సంచిక అట్ట బొమ్మ దగ్గరా ఆగి నెంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూస్తూ పోతే చాలావరకు దొరికిపోతుంది. ఆరు నెలల తరవాత చదువుతూ 500వ పేజీ దగ్గర తెలిస్తే వాపసు గడువు దాటిపోయి ఉంటుంది. మూలలు నలిగాయేమో కూడా అప్పుడే చూసుకోవాలి. బరువైన పుస్తకాన్ని వదులుగా ఉన్న పెట్టెలో పంపితే ప్రతి కుదుపుకీ ఆ మూలల మీదే దెబ్బ పడుతుంది.

అలమరలో నిలబెట్టినప్పుడు పక్క పుస్తకాలు ఒత్తుగా ఉండాలి. వదులుగా ఉంటే అట్ట అడుగు అంచు మీదే నిలబడుతుంది, లోపలి పేజీల బరువంతా వెన్ను మీద వేలాడుతుంది, ఏడాది రెండేళ్లలో పేజీలు ముందుకి జారిపోతాయి. మరీ లావుపాటివైతే పడుకోబెట్టడమే మంచిది, ఒకదాని మీద ఒకటిగా రెండుకి మించకుండా. తేమ ఉన్న గోడ దగ్గర వద్దు, నిగనిగలాడే కాగితం తేమకి అలలు తేలుతుంది.

డీసీ ఆబ్సొల్యూట్ వరస 2002లో మొదలైంది, పెట్టెలో పెట్టి ఇచ్చే పెద్ద సైజు. బొమ్మ కోసం మాత్రమే కొనాలి. దానికి సరిగ్గా ఎదురు దిక్కున 2024లో డీసీ కాంపాక్ట్ కామిక్స్ వచ్చాయి. 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు, అట్ట మీది ధర 9.99 డాలర్లు. పూర్తి కథలు, సంచిలో పడేసుకుని వెళ్లొచ్చు. అప్పుడప్పుడూ చదివేవాళ్ల కోసం ఇన్నేళ్లలో ప్రచురణకర్తలు చేసిన మంచి పని ఇదే. ఆల్‌స్టార్ సూపర్‌మన్, కోర్ట్ ఆఫ్ ఔల్స్ సాగా రెండూ ఇందులో ఉన్నాయి. బొమ్మ ఆరో వంతు కుదించుకుపోతుంది కాబట్టి అక్షరాలూ చిన్నవవుతాయి. పేజీకి నాలుగైదు బొమ్మలుండే ఇప్పటి కథలకి అది ఇబ్బంది కాదు. తొమ్మిదేసి బొమ్మల గళ్లతో, సంచిక చివర పేజీలకి పేజీలు వచనం ఉండే వాచ్‌మెన్‌కి మాత్రం కంటికి శ్రమే. దాన్ని మామూలు ట్రేడ్ సైజులోనే తీసుకోండి.

అందరు హీరోలూ కలిసే మహా సంగ్రామాల కథల్లో సంచికల లెక్క ఇంకా ముఖ్యం. సివిల్ వార్ అసలు పుస్తకం 7 సంచికలే. ఎవరు ఎవరి పక్షమో తెలుస్తుంది గానీ, స్పైడర్‌మన్ ఎందుకు మనసు మార్చుకున్నాడో అందులో సరిగ్గా ఉండదు. అది అమేజింగ్ స్పైడర్‌మన్ 532 నుంచి 538లో ఉంది, విడి ట్రేడ్‌గా దొరుకుతుంది. ఈ రెండు చాలు, మిగతా డజను అనుబంధాల జోలికి వెళ్లొద్దు. 1991 నాటి ఇన్ఫినిటీ గాంట్లెట్ 6 సంచికలు మొదలయ్యేసరికే విలన్ థానోస్ చేతిలో ఆరు మణులూ ఉంటాయి. అవెలా వచ్చాయో రీబర్త్ ఆఫ్ థానోస్ అనే ట్రేడ్‌లో ఉంది, ముందు అది చదవాలి. నిజానికి రెండింటిలో అదే ఎక్కువ బాగుంటుంది.

పుస్తకాలకి చోటు లేకపోతే మార్వెల్ అన్‌లిమిటెడ్, డీసీ యూనివర్స్ ఇన్ఫినిట్ చందాలున్నాయి. నెల రోజులకి తీసుకుని నలుగురైదుగురు రచయితల మొదటి సంచికలు రుచి చూసి, నచ్చినదాన్ని పుస్తకంగా కొనుక్కోవడం తెలివైన పద్ధతి. ఫోన్‌లో మాత్రం చదవకండి. బొమ్మ తరవాత బొమ్మగా చూపించే సదుపాయం ఉన్నా, చిత్రకారుడు పేజీ మొత్తం ఎలా అమర్చాడో కనబడకపోతే సగం కళ పోయినట్టే. 11 అంగుళాలు దాటిన ట్యాబ్లెట్‌లో పేజీ అసలు సైజుకి దగ్గరగా ఉంటుంది. చదివేముందు స్క్రీన్ తిరగకుండా లాక్ చేసుకోండి. కోర్ట్ ఆఫ్ ఔల్స్ 5వ సంచికలో, చిక్కుదారుల్లో బ్యాట్‌మన్ మతి తప్పుతున్నకొద్దీ పేజీలు పక్కకి తిరిగి, చివరికి తలకిందులవుతాయి. పుస్తకాన్ని చేతుల్లో తిప్పుతూ చదవాలని అలా గీశారు. లాక్ చేయకపోతే మీరు తిప్పిన ప్రతిసారీ ట్యాబ్లెట్ కూడా పేజీని తిప్పి నిటారుగా పెట్టేస్తుంది.